ఎంతమందికి

గడియారం చౌరస్త కాడి దుకాణంల
సేటు అడిగిండు: ఎంతమందికి?
ఐదుగురం అన్న.
అత్త ఈదమ్మ, ఆయన, నేను,
కుర్మయ్య, పాలు మానని జములమ్మ.
కుక్కను లెక్కల చెప్పలే.

ముందుగాల నీలం తాటిపత్రి తీసిండు.
అలకగ ఉంటది, అగ్గువ,
మడిస్తె సంకల పడ్తది అన్నడు.
మా ఆయన తల ఊపిండు,
పైసలు ఆయన జేబులనే ఉండె.
నేను దాన్ని ఎండకు పట్టిన.
జల్లెడల లెక్క సుక్కలు సుక్కలు పొద్దు కనపడ్డది.
పొద్దు దూరినకాడ వాన దూరదా?

అల్మార ఎనక నల్లది ఉంది,
మోస్తె మెడ నొచ్చేటంత బరువు.
మూలకున్న ఇత్తడి కన్నంల ఏలు పెట్టి
గుంజిన, గుంజిన,
"చింపుతవా ఏంది తల్లీ" అనేదాక.
చినగలే.
కుట్టు రెండు వరసలు.
నడుమ అతుకు లేదు.
ఒక చెంబు నీళ్లియ్యమన్న.
తాగనీకె అనుకున్నడు పాపం.
బట్టను గుంత జేసి పోసి
కింద అరచెయ్యి పెట్టి శానాసేపు నిలబడ్డ.
పొడి.
"పెండ్లిసూపులు ఐనయా?" అన్నడు సేటు.
పెండ్లిసూపులల్ల ఇంత సూడలే నేను.
ఆ మాట అనలే. నాలుగు దినాల కూలి ఎక్కువ లెక్కపెట్టి ఇచ్చినం.

బల్మూరు దిక్కు పరుపుబండ మీద పని.
ఆడ మేకు దిగదు.
పగలంత బండను పగలగొట్టి
రాత్రి పండుకునేటందుకు
మళ్ల దాన్నే తొలిచే ఓపిక ఎవలకుంటది?
మోకుల కొసలకు రాళ్లు కడ్తం,
ఇద్దరు లేపే రాయి, మూలకొకటి.
వాకిలి తూర్పుకు, ఈపు పడమటికి.
మోకు మరీ బిగియొద్దంటది అత్త.
గాలితోని గెట్టు పంచాది పెట్టుకోకు,
దానికింత జాగ ఇడువు అంటది.

ఆ రాత్రి దుమారం లేసింది.
మన్ను వాసన గాదు, మన్నే వచ్చింది నోట్లెకు.
ఆయన పడమటి మోకు మీద కూసున్నడు.
అత్త నిట్టాడును కావలించుకున్నది.
కుర్మయ్యకు కట్టె ఇచ్చిన, కొసకు గుడ్డ సుట్టి:
తాటిపత్రికి పొట్ట దిగినకాడల్ల లేపు బిడ్డా, నీళ్లు జారాలె.
వాడు లెక్కపెడ్తుండు, ఒక్క పొట్ట, రెండు పొట్టలు.
తర్వాత రాళ్లవాన.
దినమంత రాళ్లు కొట్టేటోళ్లను
రాళ్లు కొట్టినయి.
మాట ఇనపడలే, నోళ్లు కదులుడే.

వాకిలి కాడ ఎవరో తడిమిన్రు.
బక్కమ్మ, సంకల పిల్ల.
ఎనక నర్సింలు,
చేతుల మోకు ముక్క ఒక్కటే మిగిలింది,
బర్రె తెంపుకొని పోయినంక తలుగు పట్టుకున్నోని లెక్క.
వాళ్లది నీలంది.
ఆ ఎనక ఇద్దరు ఒడిశా పోరగాండ్లు,
వాళ్ల పేర్లు ఇప్పటికి నాకు సక్కగ పలుకరాదు.
అందరి కాళ్ల నడుమకెల్లి కుక్క.

మోకాళ్లు మోకాళ్లు తగులుతుంటె కూసున్నం.
ఒకరి తడి ఒకరికి ఎక్కింది.
జములమ్మ ఒక్కతె నిద్రపోయింది,
బక్కమ్మ ఒడిల, నా ఒడి అనుకొని.
నడిరాత్రికి వాకిలి మూల ఇత్తడి కన్నం తెగింది.
సప్పుడు నేనే ఇన్న.
గులకరాయి ఒకటి బట్టల పెట్టి,
దాని మెడకు మోకు సుట్టి బిగించిన.
తెల్లారేదాక ఊసిపోలే.

పొద్దుగాల తాటిపత్రి మీద
ఇంకో పొట్ట నీళ్లు మిగిలినయి.
కుర్మయ్య కట్టె ఎత్తబోతుంటె ఆగుమన్న.
బిందెలు పెట్టి మెల్లగ వంచినం. మూడు నిండినయి.
ట్యాంకరు వచ్చేది ఎల్లుండి.

నర్సింలు తుమ్మకంపల కెల్లి నీలం ముక్కలు ఏరుతుండు.
వచ్చే అంగడికి తోడు రమ్మంటుంది బక్కమ్మ,
చెంబు నేనే తెస్త అంటుంది.
ఎంతమందికని అడిగితె ఏం చెప్తవే అన్న.
ఏళ్లు మడుస్తుంది, ఇప్పుతుంది, మళ్ల మడుస్తుంది.
నాకు ఆ మూల కుట్టేది ఉంది.
దబ్బనం ఏడ పెట్టిన్నో.